కాసినోలో పుట్టిన ప్రేమ ఎన్నాళ్లు?

సంక్షిప్తంగా: కాసినోలో పరిచయమైన జంటలు నిలుస్తాయా అన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు లేదు. అక్కడికి వచ్చేవాళ్లంతా ఒక రకం కాకపోవడమే కారణం. సరదాకి ఒక రాత్రి వచ్చిన ఇద్దరి దారి వేరు, వారం వారం ఆడే ఇద్దరి దారి వేరు, అక్కడే ఉద్యోగం చేసే ఇద్దరి దారి వేరు. మొదటి ఆకర్షణలో ఆట తెచ్చిన దడ ఎంత, ఆట లేని చోట ఇద్దరూ ఎంతకాలం గడిపారు, ఇద్దరిలో ఎవరికైనా ఆట వ్యసనంగా మారిందా అన్న మూడు విషయాల మీదే చాలావరకు ఫలితం ఆధారపడి ఉంటుంది.

హాలీవుడ్ నటులు పాల్ న్యూమన్, జోన్ వుడ్‌వర్డ్ 1958 జనవరి 29న లాస్ వెగాస్‌లోని ఎల్ రాంచో వెగాస్ అనే కాసినో హోటల్లో పెళ్లి చేసుకున్నారు. 2008లో న్యూమన్ చనిపోయేదాకా, అంటే 50 ఏళ్లు, ఆ కాపురం నిలిచింది. హోటల్ మాత్రం రెండేళ్లకే, 1960లో, కాలిపోయింది. అదే ఊళ్లో 2004 జనవరి 3న గాయని బ్రిట్నీ స్పియర్స్ తన చిన్ననాటి స్నేహితుణ్ని పెళ్లాడింది. 55 గంటలకు ఆ పెళ్లి రద్దయింది. కాసినో ప్రేమల గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ రెండు కథల్లో ఒకటి ముందుకొస్తుంది. నిలుస్తాయనేవాళ్లు మొదటిది చెబుతారు, నిలవవనేవాళ్లు రెండోది.

చిక్కేమిటంటే, ఈ రెండూ కాసినోలో పుట్టిన ప్రేమలు కావు. న్యూమన్, వుడ్‌వర్డ్‌ల పరిచయం 1953 నాటిది, న్యూయార్క్ నాటకరంగంలో మొదలైంది. అప్పటికి న్యూమన్‌కు పెళ్లయింది, పిల్లలున్నారు. కాబట్టి ఆ కథ కూడా చెప్పుకున్నంత సాఫీ కాదు. స్పియర్స్ పెళ్లాడింది చిన్నప్పటి నుంచి తెలిసినవాణ్ని. రెండు సందర్భాల్లోనూ వెగాస్ పెళ్లి మండపమే తప్ప పరిచయ వేదిక కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చర్చ ఎక్కువగా దారి తప్పుతోంది.

పెళ్లి ఊరు వేరు, పరిచయం ఊరు వేరు

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో జూదానికి చట్టబద్ధత వచ్చింది 1931 మార్చి 19న. గవర్నర్ ఫ్రెడ్ బల్జార్ అదే రోజు ఇంకో బిల్లు మీద కూడా సంతకం పెట్టాడు. రాష్ట్రంలో ఆరు వారాలు నివాసం ఉంటే చాలు, విడాకులకు దరఖాస్తు చేసుకోవచ్చన్నది దాని సారాంశం. ఆర్థిక మాంద్యం రోజులవి. బయటివాళ్ల డబ్బు రాష్ట్రంలోకి రావాలన్నదే రెండు చట్టాల వెనకా ఉన్న ఆలోచన. అలా జూదం, పెళ్లి, విడాకులు మూడూ ఒకే టూరిజం వ్యాపారంలో భాగాలుగా పెరిగాయి.

వెగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో పెళ్లి లైసెన్సులిచ్చే ఆఫీసు ఏడాది పొడవునా ఉదయం 8 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. గుర్తింపు కార్డు, దాదాపు 100 డాలర్ల ఫీజు ఉంటే లైసెన్సు చేతికొస్తుంది. రక్త పరీక్ష లేదు, వెయిటింగ్ లేదు. ప్రేమికుల రోజు దగ్గరపడితే విమానాశ్రయంలోనే తాత్కాలిక కౌంటర్ పెడతారు. 2004లో ఆ ఒక్క కౌంటీ 1.28 లక్షల లైసెన్సులిచ్చింది. తర్వాత ఆ సంఖ్య బాగా తగ్గినా, 2022 నాటికి మొత్తం లైసెన్సులు 50 లక్షలు దాటాయి.

మన దగ్గర ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద పెళ్లి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద అంటించే ఆ కాగితం వల్ల ప్రేమ జంటలు పడే తిప్పలు వేరే వ్యాసానికి సరిపోతాయి. ఇక్కడికి సంబంధించినంతవరకు తేడా ఒక్కటే: వ్యవధి ఉన్న చోట తొందరపాటు నిర్ణయాల్లో కొన్ని పెళ్లిదాకా రాకుండానే ఆగిపోతాయి, వ్యవధి లేని చోట అవి పెళ్లయ్యాక కోర్టుకి వస్తాయి. స్పియర్స్ తరఫున వేసిన పిటిషన్‌లో, తాను ఏం చేస్తోందో ఆమెకు ఆ సమయంలో అవగాహన లేదనే రాశారు.

పోనీ వెగాస్ పెళ్లిళ్లలో ఎన్ని నిలిచాయో లెక్క తీయొచ్చా అంటే, అదీ కుదరదు. పెళ్లి చేసుకునేవాళ్లలో ఎక్కువమంది బయటివాళ్లు. పెళ్లి క్లార్క్ కౌంటీలో నమోదవుతుంది, విడాకులు ఒహాయోలోనో లండన్‌లోనో నమోదవుతాయి. మరోవైపు, ఆరు వారాల నిబంధన కోసం దశాబ్దాలపాటు బయటి నుంచి వచ్చి విడాకులు తీసుకున్నవాళ్ల సంఖ్య నెవాడా ఖాతాలో పడింది. అందుకే "నెవాడాలో విడాకులెక్కువ, కాబట్టి కాసినో ప్రేమలు నిలవవు" అనే వాదనలో పస లేదు.

గుండె దడ ఎవరి వల్ల?

ఇక అసలు విషయం. ఇద్దరు అపరిచితులు ఆట బల్ల దగ్గర కలుసుకుంటే వాళ్ల మధ్య ఆకర్షణ అంత త్వరగా ఎందుకు పుడుతుంది?

దీనికి మనస్తత్వ శాస్త్రంలో బాగా పేరున్న ప్రయోగం ఒకటుంది. కెనడాలో వాంకూవర్ దగ్గర కపిలానో నది మీద వేలాడే వంతెన ఉంది. కింద 230 అడుగుల లోయ, అడుగేస్తే ఊగుతుంది. డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ అనే పరిశోధకులు ఆ వంతెన దాటుతున్న మగవాళ్లను ఒక యువతి చేత ఇంటర్వ్యూ చేయించి, సందేహాలుంటే ఫోన్ చేయమని ఆమె నంబర్ ఇప్పించారు. కదలకుండా గట్టిగా ఉండే మరో వంతెన మీద కూడా అదే పని చేశారు. 1974లో ఫలితాలు అచ్చయ్యాయి. ఊగే వంతెన మీద నంబర్ తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. గట్టి వంతెన దగ్గర 16 మందిలో ఇద్దరే చేశారు. భయం వల్ల కలిగిన దడను వాళ్లు ఆ అమ్మాయి మీద ఆకర్షణగా పొరబడ్డారన్నది పరిశోధకుల వివరణ. శాంపిల్ చిన్నదే. పైగా ఆ ప్రయోగంలో కొలిచింది ఫోన్ కాల్స్‌ని, ప్రేమని కాదు. అయినా, ఉద్వేగానికి అసలు కారణం ఒకటైతే మనసు దాన్ని పక్కనున్న మనిషికి అంటగట్టగలదన్న సూచన కాసినోకి బాగా సరిపోతుంది.

కాసినోలో ఊగే వంతెన పని చేసేవి చాలా ఉన్నాయి. రూలెట్ చక్రం తిరుగుతుంటుంది, బంతి మీరు పెట్టిన అంకె పక్క గడిలో ఆగుతుంది. పోయింది డబ్బే, కానీ "అయ్యో, కొంచెంలో" అన్న భావన గెలుపుకి దగ్గరగా అనిపిస్తుంది. 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకుడు ల్యూక్ క్లార్క్ బృందం మెదడు స్కాన్లతో చేసిన అధ్యయనం ఈ "కొంచెంలో తప్పిపోయిన" ఆటలు మెదడులో గెలుపుకి స్పందించే భాగాల్నే కదిలిస్తాయని చూపింది. వీటికి తోడు మద్యం, సంగీతం. చాలా కాసినోల్లో గోడ గడియారం, కిటికీ ఉండవు; బయట తెల్లారిందో లేదో తెలియదు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఈ మొత్తం హడావుడిలో కలిసిపోయి కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో చిన్న కారణం కూడా ఉంది. మళ్లీ కలవం అనుకున్నవాళ్ల దగ్గర మనుషులు మనసు విప్పుతారు. సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తుని దాటేలోపు పక్క బెర్తు ఆయనకు ఇంటి గొడవలన్నీ చెప్పుకున్నవాళ్లు మనలో ఎంతమందో. కాసినో బల్ల కూడా అలాంటి బెర్తే. ఆ చనువు నిజమైనదే కానీ, దిగాల్సిన స్టేషన్ ఉందన్న ధైర్యంతో వచ్చిన చనువది.

అన్ని ఆటలూ ఒక్కలా పనిచేయవు. క్రాప్స్ అనే పాచికల ఆటలో బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది పాచిక వేసేవాడి వైపే పందెం కాస్తారు. గెలిస్తే అందరూ కలిసి అరుస్తారు. బ్లాక్‌జాక్ అనే పేకాటలో ఆటగాళ్లు పోరాడేది ముక్కలు పంచే కాసినో ఉద్యోగితో, అంటే డీలర్‌తో, ఒకరితో ఒకరు కాదు. అందుకే ఈ రెండు బల్లల దగ్గర మాటలు సులువుగా కలుస్తాయి. పోకర్‌లో పక్కవాడి డబ్బే మీ గెలుపు. అక్కడ జంటలు ఒకే బల్ల మీద కూర్చుంటే, ఒకరి మీద ఒకరు మెత్తగా ఆడుతున్నారేమో అని మిగతావాళ్లు కనిపెడుతూ ఉంటారు. స్లాట్ మెషీన్ల దగ్గర అసలు మాటే ఉండదు. మెషీన్‌కి అలవాటుపడ్డవాళ్లు పక్కన ఎవరున్నారో కూడా పట్టించుకోరు.

గెలిచినవాడి చేయి పెద్దది

పెళ్లిచూపుల్లో తెలుగు కుటుంబాలు ఎంత మొహమాటపడ్డా చివరికి ఆరా తీసే విషయం ఒకటుంటుంది: మనిషికి డబ్బు జాగ్రత్త ఉందా? కాసినోలో పరిచయమైనవాళ్లకు సరిగ్గా ఈ విషయమే తెలియదు.

కారణం చిప్స్. డబ్బు ఇచ్చి ప్లాస్టిక్ బిళ్లలు తీసుకున్నాక అవి డబ్బులా అనిపించడం మానేస్తాయి. ఆ పైన, గెలిచిన డబ్బుని మనుషులు తమ జేబులోంచి వచ్చిన డబ్బులా చూడరు. దీన్ని రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లో ప్రయోగాలతో చూపించారు. సులువుగా వచ్చిన సొమ్ముతో రిస్కులు ఎక్కువ తీసుకుంటారు. పక్కవాళ్లకు డ్రింక్ ఇప్పిస్తారు, డీలర్‌కు టిప్ విసురుతారు, కొత్తగా పరిచయమైన మనిషి చేతిలో నాలుగు చిప్స్ పెట్టి "నా తరఫున ఆడు" అంటారు. చూసేవాళ్లకు అది పెద్ద మనసులా కనిపిస్తుంది. ఆ మనిషే సోమవారం కరెంటు బిల్లు చూసి ఎలా ఉంటాడో ఆ రాత్రి తెలిసే వీల్లేదు. ఓడిన రాత్రి పరిచయమైతే కథ తిరగబడుతుంది. మామూలుగా నెమ్మదస్తుడైనవాడు కూడా చిరాకు మనిషిలా కనిపించవచ్చు.

జంట ఏర్పడ్డాక కూడా కలుసుకునే చోటు అదే అయితే, దానికి అద్దె పడుతుంది. లెక్క వేసి చూడొచ్చు. ఒకే సున్నా ఉన్న యూరోపియన్ రూలెట్‌లో కాసినో వాటా 2.7 శాతం, రెండు సున్నాలుండే అమెరికన్ చక్రంలో 5.26 శాతం. గంటకు 40 సార్లు చక్రం తిరిగిందనుకుందాం, ప్రతిసారీ ఒకరు 500 రూపాయలు పెట్టారనుకుందాం. గంటలో బల్ల మీద పెట్టింది 20,000. సగటున పోయేది యూరోపియన్ చక్రం మీద 540, అమెరికన్ చక్రం మీద 1,052. ఇద్దరు నాలుగు గంటలు ఆడితే మొదటి లెక్కన 4,320, రెండో లెక్కన 8,416 రూపాయలు. ఒక్కోసారి గెలుస్తారు, అది వేరు. వారం వారం వెళ్తే సగటు దగ్గరికే వస్తుంది. అవే నాలుగు గంటలు ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లతో కూర్చుంటే ఎంతవుతుందో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు.

బల్లకు అటువైపు

బ్లాక్‌జాక్ బల్ల దగ్గర డ్యూటీ దిగే ముందు డీలర్ ఒక చిన్న పని చేస్తారు. రెండు చేతులూ ఒకసారి చప్పట్లా తట్టి, అరచేతులు పైకీ కిందికీ తిప్పి చూపిస్తారు. చిప్ ఏదీ చేతిలో దాచుకోలేదని పైకప్పులోని కెమెరాకు ఇచ్చే రుజువు అది. ఆటగాడు నోటు చాపితే చేతిలోంచి నేరుగా తీసుకోరు. బల్ల మీద పెట్టమంటారు, అందరికీ కనిపించేలా పరిచి లెక్కపెడతారు. చేతులు తాకకుండా రాత్రంతా నవ్వుతూ మాట్లాడే ఉద్యోగమది. ఆ నవ్వుని ఎవరికి వాళ్లు తమకోసమే అనుకోవడం సహజం. పెద్దమొత్తాలు ఆడేవాళ్లకు కాసినో ప్రత్యేకంగా హోస్టుల్ని కేటాయిస్తుంది. పుట్టినరోజు గుర్తుపెట్టుకుని ఫోన్ చేయడం కూడా వాళ్ల పనిలో భాగమే. అతిథులతో సిబ్బంది బయట తిరగకూడదని చాలా కాసినోలు నిబంధన పెట్టాయి. సిబ్బందికీ ఆటగాడికీ మధ్య పుట్టిన ప్రేమ తక్కువగా నిలవడానికి కారణం మనుషుల చెడ్డతనం కాదు. ఒకరు డ్యూటీలో ఉన్నారు, ఇంకొకరు సెలవులో ఉన్నారు. ఇద్దరూ ఒకే చోట ఉన్నట్టే గానీ, ఒకే పరిస్థితిలో లేరు.

సిబ్బందిలో ఇద్దరి మధ్య ప్రేమ వేరే సంగతి. వాళ్లకు కాసినో అంటే ఉద్వేగం కాదు, కాళ్ల నొప్పులు. ఎదుటి మనిషి విసుగు, ఓపిక, నిజాయితీ అన్నీ రోజూ చూస్తారు. ఆ లెక్కన ఈ జంటలు బాగా నిలవాలి. కానీ అంకెలు అలా లేవు. అమెరికా జనగణన శాఖ 2015 సర్వే వివరాలతో గణాంక విశ్లేషకుడు నేథన్ యావ్ వృత్తులవారీగా విడాకుల లెక్క తీశాడు. ఒకసారైనా పెళ్లయినవాళ్లలో విడాకులు తీసుకున్నవారి వాటా ప్రకారం కాసినో మేనేజర్లే అందరికన్నా పైన ఉన్నారు, 52.9 శాతంతో. బార్‌టెండర్లది దాదాపు అంతే. కాసినోలోని ఇతర సిబ్బంది కూడా 50 శాతం దాటారు. జాబితాలో అడుగున ఉన్నది బీమా లెక్కలు వేసే యాక్చువరీలు, 17 శాతం. రెండు వృత్తులూ సంభావ్యత మీదే బతుకుతాయి, అయినా ఇంత తేడా!

ఇందులో కాసినో పాత్ర ఎంత, రాత్రి డ్యూటీ పాత్ర ఎంత అన్నది విడదీసి చూడాలి. సామాజిక శాస్త్రవేత్త హారియెట్ ప్రెసర్ 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లలుండి పెళ్లయి ఐదేళ్లు దాటని మగవాళ్లు రాత్రి షిఫ్టులో పనిచేస్తుంటే, పగలు పనిచేసేవాళ్లతో పోలిస్తే విడిపోయే అవకాశం దాదాపు ఆరు రెట్లు. అర్ధరాత్రి మొదలై తెల్లారి ముగిసే షిఫ్టుని అమెరికా కాసినోల్లో శ్మశానం షిఫ్టు అనే పిలుస్తారు. హైదరాబాద్‌లో అమెరికా వేళల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్ జంటలకు ఈ బాధ కొత్త కాదు. జీతం, వయసు, చదువు తేడాలు కూడా ఆ వృత్తుల జాబితాలో కలిసి ఉన్నాయి. కాబట్టి కాసినో ఉద్యోగమే కాపురాలు కూలుస్తోందని ఆ 52.9 చూసి అనలేం.

కలిసిన చోటు ఎంత ముఖ్యం?

2013లో ప్రచురించిన అధ్యయనం కోసం జాన్ కాసియోప్పో బృందం 2005–2012 మధ్య పెళ్లయిన 19,131 మంది అమెరికన్లను ఎలా కలుసుకున్నారని అడిగింది. ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లలో సర్వే నాటికి విడిపోయింది దాదాపు 6 శాతం, బయట పరిచయమైనవాళ్లలో ఏడున్నర శాతానికి కాస్త పైన. బయటి చోట్లలో కలిసి చదువుకున్నవాళ్లు, కలిసి పెరిగినవాళ్లు కొంచెం ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు. బార్లు, క్లబ్బుల్లో కలిసినవాళ్లు కొంచెం తక్కువ. ఆ సర్వేకి డబ్బిచ్చింది ఒక డేటింగ్ వెబ్‌సైట్ అన్నది గుర్తుంచుకోవాలి. అయినా చెప్పుకోదగ్గ సంగతి, ఈ తేడాలన్నీ చిన్నవి. చోటు వల్ల వచ్చే తేడా ఉంటుంది, కాకపోతే జనం అనుకున్నంత కాదు.

కాలం వల్ల వచ్చే తేడా దానికన్నా పెద్దది. ఎమరీ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియాలన్ 3,000 మందికి పైగా అమెరికన్ల వివరాలు తీసుకుని చూశారు. పెళ్లి ప్రస్తావనకు ముందు ఏడాది కూడా కలిసి తిరగనివాళ్లతో పోలిస్తే, ఒకటి రెండేళ్లు తిరిగినవాళ్లలో విడాకుల అవకాశం 20 శాతం తక్కువ. మూడేళ్లు, ఆపైన తిరిగినవాళ్లలో 39 శాతం తక్కువ. దీన్ని బట్టి కాసినో జంటకు అసలు ప్రమాదం కాసినోలో కలవడం కాదు, కలిసిన వేగంతోనే లైసెన్సు ఆఫీసుకి వెళ్లడం.

ఒకరికి సరదా, ఒకరికి వ్యసనం

పైన చెప్పినవన్నీ ఆటని సరదాగా చూసేవాళ్ల సంగతి. వ్యసనం మధ్యలోకి వస్తే లెక్కలన్నీ మారిపోతాయి. అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో జూద వ్యసనాన్ని మద్యం, డ్రగ్స్ వ్యసనాల వర్గంలోకి చేర్చింది. తొమ్మిది లక్షణాల్లో నాలుగు ఉంటే వ్యసనం కిందే లెక్క. ఆ తొమ్మిదిలో కొన్ని నేరుగా కాపురానికి సంబంధించినవి: ఎంత ఆడుతున్నదీ దాచి అబద్ధాలు చెప్పడం, ఆట వల్ల దగ్గరి బంధాన్ని ప్రమాదంలోకి నెట్టడం, అప్పులు తీర్చమని ఇంకొకరి మీద పడటం. ఇంకో లక్షణానికి తెలుగులో తరతరాలుగా మాటే ఉంది: "పోయిన చోటే వెతుక్కోవాలి." పేకాట క్లబ్బుల్లో ధైర్యం చెప్పుకునే ఈ మాట డాక్టర్ల జాబితాలో రోగ లక్షణం.

వ్యసనపరుణ్ని కాసినోలోనే కలిసినవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. ఆఫీసులో పరిచయమైన మనిషి రహస్యంగా జూదమాడుతున్నాడని తెలిస్తే అది షాక్. కాసినోలో పరిచయమైన మనిషి జూదమాడటం మొదటి రోజునే తెలిసిన విషయం, అందులో అనుమానించడానికేమీ ఉండదు. ఎప్పుడు గీత దాటాడో పక్కనున్నవాళ్లకు చివరిదాకా తెలియదు.

అరణ్యపర్వంలో ధర్మరాజుకి బృహదశ్వ మహర్షి చెప్పిన నలదమయంతుల కథలో ఆ గీత దమయంతికి ముందే కనిపిస్తుంది. భర్త పుష్కరుడితో పాచికలాడుతూ ఓడిపోతున్నాడని గ్రహించి, ఇంకా రాజ్యం పోకముందే ఆమె పిల్లలిద్దరినీ సారథి వార్ష్ణేయుడితో పుట్టింటికి పంపేస్తుంది. దమయంతిని పణంగా పెట్టమని పుష్కరుడు రెచ్చగొట్టినా నలుడు ఒప్పుకోడు. ఈ కథ వింటున్న ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డి వచ్చినవాడు. కథ చెప్పినాయన ఆ తేడాను ఎత్తి చూపాడో లేదో గానీ, విన్నాయనకు తగలకుండా ఉండదు.

దమయంతి చేసిన పనికి ఈ కాలపు చట్టరూపం సింగపూర్‌లో ఉంది. 2010లో రెండు కాసినోలు తెరిచినప్పుడే అక్కడి ప్రభుత్వం సొంత పౌరులకు, శాశ్వత నివాసులకు ప్రవేశ రుసుము పెట్టింది. ఇప్పుడది రోజుకు 150 సింగపూర్ డాలర్లు. అంతకన్నా ముఖ్యమైనది కుటుంబ నిషేధ ఉత్తర్వు. భార్యో, భర్తో, తల్లిదండ్రులో దరఖాస్తు చేస్తే విచారించి ఆ వ్యక్తి కాసినోలో అడుగుపెట్టకుండా ఆపవచ్చు. కాసినోలో కలుసుకున్న జంటలో ఒకరు రెండోవారిని అదే కాసినో నుంచి చట్టప్రకారం వెలివేయించగలరన్నమాట.

మన వైపు నుంచి చూస్తే

తెలుగు రాష్ట్రాల్లో కాసినోలకు అనుమతి లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం రెండు చోట్లా ఉంది. ఆన్‌లైన్ పందేల్ని కూడా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అందులోకి తెచ్చాయి. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల్లో కోడిపందెం, గుండాట పక్కపక్కనే నడుస్తాయి గానీ అవి ప్రేమలు పుట్టే వేదికలు కావు. అందువల్ల తెలుగువాళ్లకు కాసినో అంటే ప్రయాణమే: గోవా, నేపాల్, కొలంబో.

గోవాలో మాండవి నదిలో లంగరేసిన నౌకల మీద ఆట నడుస్తుంది. పణజిలో టికెట్ తీసుకుని చిన్న పడవ ఎక్కితే నౌక దగ్గర దింపుతుంది. బఫే భోజనం, డ్యాన్సులు, మూడు ముక్కలాట, అందర్ బాహర్ అన్నీ ఒకేచోట. 2020 ఫిబ్రవరి నుంచి గోవా స్థానికులకు అక్కడ ప్రవేశం లేదు. నేపాల్ కాసినోల్లోనూ నేపాలీ పౌరులకు నిషేధమే. దీని అర్థం ఏమిటంటే, ఆ బల్లల దగ్గర కూర్చున్న ప్రతి ఆటగాడూ వేరే ఊరి నుంచి వచ్చినవాడే, రెండు రోజుల్లో వెళ్లిపోయేవాడే. వరంగల్ కుర్రాడికి అక్కడ నాగపూర్ అమ్మాయి పరిచయమైతే, సోమవారం నుంచి ఆ బంధం ఫోన్ మీదే నడవాలి. ఇది కష్టమే, కానీ ఒక మేలు కూడా ఉంది. ఆట, మందు, సంగీతం లేకుండా ఫోన్‌లో మాట్లాడుకోవడానికి ఏమైనా మిగిలిందా అన్నది రెండు వారాల్లో తేలిపోతుంది.

తెలుగువాళ్లకు ఇంతకన్నా దగ్గరగా వచ్చిన ప్రమాదం మరొకటి. అందులో కాసినోలో ప్రేమ పుట్టదు, కాసినో గదుల నుంచి ప్రేమ తయారై వస్తుంది. కంబోడియాలోని సిహనూక్‌విల్ లాంటి చోట్ల కాసినో హోటళ్ల ఆవరణల్లో సైబర్ మోసాల కేంద్రాలు వెలిశాయి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను అక్కడికి పంపినట్టు తేలింది. అక్కడ వాళ్ల చేత చేయించింది నకిలీ ప్రొఫైళ్లతో వల వేసే పని. అదే నెలలో సిహనూక్‌విల్‌లో దాదాపు 300 మంది భారతీయులు నిరసనకు దిగారు. ఇటు ఫోన్ పట్టుకున్న మనిషికి వారాల తరబడి "తిన్నావా, పడుకున్నావా" మెసేజ్‌లు వస్తాయి, నమ్మకం కుదిరాక ఒక బెట్టింగ్ సైటో, క్రిప్టో యాప్‌నో చూపిస్తారు. మొదట చిన్న లాభం వెనక్కిస్తారు కూడా. ఈ తరహా ప్రేమకు ఆయుష్షు ఖాతాలో డబ్బున్నంతసేపే. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఖాతాలను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది.

స్టెనోగ్రాఫర్, రూలెట్

జూదం పక్కన పుట్టి, జూదాన్ని దాటి నిలిచిన ప్రేమకు పూర్తి వివరాలతో దొరికే ఉదాహరణ రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ, ఆయన భార్య అన్నాలది. అప్పుల్లో మునిగిన ఆ రచయిత 1866లో ఒక ప్రచురణకర్తతో ప్రమాదకరమైన ఒప్పందం చేసుకుని ఉన్నాడు. నవంబర్ 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే తన రచనల హక్కులు పోతాయి. వేగంగా రాయించుకోవడానికి 20 ఏళ్ల స్టెనోగ్రాఫర్ అన్నా గ్రిగోరియెవ్నాను పెట్టుకున్నాడు. ఆయనకు అప్పుడు 44. నవల ఇతివృత్తం రూలెట్ పిచ్చే. 26 రోజుల్లో అది పూర్తయింది, 1867 ఫిబ్రవరిలో వాళ్ల పెళ్లయింది.

అంటే అన్నాకు ఆ మనిషి రోగం మొదటి రోజు నుంచే తెలుసు. అక్షరం అక్షరం తన చేత్తోనే రాసుకుంది. తెలిసినా తప్పలేదు. ఆ వేసవిలో జర్మనీలోని బాడెన్ బాడెన్‌లో ఉన్న ఏడు వారాల్లో ఆయన ఆమె చెవిపోగులు, బ్రోచ్, పెళ్లి ఉంగరాలు, బట్టలు కూడా తాకట్టు పెట్టాడు. ఓడిపోయి వచ్చి కాళ్ల మీద పడి ఏడ్చేవాడు, ఉన్నదాంట్లోంచి మళ్లీ తీసుకుని వెళ్లేవాడు. నాలుగేళ్లు ఇలాగే గడిచింది. 1871 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌కి చివరిసారి ఆడటానికి వెళ్లినప్పుడు డబ్బిచ్చి పంపింది ఆమే. అంతా పోగొట్టుకుని, ఇక ఆడనని ఉత్తరం రాశాడు. అలాంటి ఉత్తరాలు అంతకుముందూ రాశాడు. ఈసారి మాట నిలిచింది. 1873 నుంచి ఆయన పుస్తకాల ప్రచురణ అన్నాయే చూసుకుంది, 1881లో ఆయన పోయేదాకా కాపురం సాగింది.

దీన్ని అన్నా ఓర్పుకి దక్కిన విజయంగా చెప్పడం ఆనవాయితీ. ఓర్పు నిజమే. కానీ తేదీలు ఇంకొంచెం చెబుతాయి. 1871 జూలైలో దంపతులు రష్యాకి తిరిగి వెళ్లిపోయారు, రూలెట్ బల్లలు వందల మైళ్ల వెనక మిగిలిపోయాయి. 1872 చివరికల్లా జర్మనీ తన జూదశాలలన్నీ మూసేసింది. తర్వాతి ఏళ్లలో ఆయన ఊపిరితిత్తుల వైద్యానికి జర్మనీలోని ఎమ్స్ పట్టణానికి నాలుగుసార్లు వెళ్లాడు, అదీ ఒంటరిగా, చేతిలో డబ్బుతో. ఎమ్స్‌లో కాసినో భవనం ఉంది. లోపల రూలెట్ లేదు.